అప్‌డేట్: 27 వారాలకే పుట్టిన బాబు, వెంటిలేటర్ తీసి సీప్యాప్ (ముక్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపే పరికరం) పెట్టడం

మా అక్క కొడుక్కి ఇక్కడ బెంగళూరులో వెంటిలేటర్ అంత త్వరగా ఎందుకు తీసేస్తున్నారని ముందు పోస్టులో అడిగాను కదా. బాబు ఇంటికొచ్చేశాడు, అందరికీ థాంక్స్.

"డాక్టర్‌నే సూటిగా అడగండి" అన్న సలహానే పనికొచ్చింది. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు తెరుచుకుని ఉండేలా చేసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తక్కువై అవి ముడుచుకుపోయాయట. దాన్నే మందుగా లోపలికి పంపాక, వెంటిలేటర్ ఎక్కువ రోజులుంచితే లేత ఊపిరితిత్తులే దెబ్బతింటాయని సీప్యాప్‌కి మార్చారు. ముక్కుకి చిన్న గొట్టాలు, పక్కన నీళ్ల సీసాలో బుడబుడ. బుడగలు ఆగాయంటే గాలి ఎక్కడో లీకవుతున్నట్టే అని నర్సమ్మ చెప్పింది. ఊపిరి మధ్యలో ఆగకుండా కెఫీన్ ఇచ్చారు. కాఫీలో ఉండేదే అంటే బావ ఓ పట్టాన నమ్మలేదు!

మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 100 శాతం రావట్లేదన్న టెన్షన్ అనవసరం. ఆక్సిజన్ పెట్టినంతకాలం 90-95 చాలట, ఎక్కువైతే కళ్లకు ప్రమాదం. కంటి పరీక్షకు మాత్రం మళ్లీ రమ్మన్నారు.