అప్‌డేట్: చనుమొన నుంచి రక్తపు చుక్కలు, స్కానింగ్‌లో ఏం తేలిందంటే

కుడి చనుమొన నుంచి, నొక్కకుండానే, రక్తం కలిసిన చుక్కలు వస్తున్నాయి, ఏ పరీక్ష చేయించుకోవాలి అని అడిగాను కదా. ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పినవాళ్లందరికీ నిజంగా రుణపడి ఉంటాను.

నా వయసు 43. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ రెండూ ఒకే రోజు చేశారు. మామోగ్రామ్‌లో ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను. కానీ పాలనాళంలో ఉండే చిన్న కణితి అందులో కనిపించకపోవచ్చని డాక్టరమ్మ చెప్పారు.

అల్ట్రాసౌండ్‌లోనే దొరికింది. చనుమొన వెనక నాళం ఉబ్బి నల్లటి గొట్టంలా ఉంది, లోపలి గోడకు అతుక్కుని 6 మిల్లీమీటర్ల బూడిదరంగు గింజ. రక్తప్రసరణను రంగుల్లో చూపే డాప్లర్ పెట్టగానే దాని మొదట్లో ఎర్రగా మెరిసింది. లోపల పేరుకున్న స్రావమైతే అలా రక్తప్రసరణ ఉండదట. ఆ ఎర్రచుక్క ఇంకా కళ్లముందే ఉంది.

సూదితో ముక్క తీశారు. ఇంట్రాడక్టల్ పాపిలోమా, అంటే పాలనాళం లోపల పెరిగే చిన్న కణితి అని తేలింది, క్యాన్సర్ కణాలు లేవు. రిపోర్ట్ చదువుతూ ఏడ్చేశాను. రక్తం ఆగలేదు కాబట్టి ఆ నాళాన్ని తీసేయడమే మంచిదన్నారు, నేనూ సరేనన్నాను. ఎమ్మారై అవసరం పడలేదు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండింటిలోనూ ఏమీ దొరక్కపోతే అప్పుడు రాసేవారట.

ఆపరేషన్ వచ్చే వారం. తీసిన భాగం మొత్తాన్నీ మళ్లీ పరీక్షకు పంపుతారు.