రైడర్స్ రిపబ్లిక్‌లో బ్యాక్‌ట్రాక్ బటన్: మేలా, చెరుపా?

కొత్తరైడర్:
ఫ్రెండ్ దగ్గర రెండు గంటలు రైడర్స్ రిపబ్లిక్ అనే వీడియోగేమ్ ఆడాను. సైకిల్ మీద కొండ దిగుతూ దిగుతూ, అక్కడే వింగ్‌సూట్‌కి (రెక్కల్లాంటి ఎగిరే సూట్) మారిపోయి లోయలోకి ఎగిరిపోవచ్చు. తెగ నచ్చేసింది. కొనాలా వద్దా? ప్లస్సులూ మైనస్సులూ చెప్పండి. ఇలాంటివి ఇంతకుముందు ఎప్పుడూ ఆడలేదు.

మంచుగీత:
తమ్ముడూ, మ్యాప్‌కి వంక పెట్టడానికి లేదు. యోసెమిటీ, సెకోయా, జయాన్, బ్రైస్ కాన్యన్, కాన్యన్‌లాండ్స్, గ్రాండ్ టీటన్, మామత్ మౌంటెన్. అమెరికాలో ఎక్కడెక్కడో ఉన్న పార్కుల్నీ కొండల్నీ తెచ్చి పక్కపక్కన అతికించారు. ఎర్రరాళ్ల మధ్య తొక్కుకుంటూ పోతే కాసేపటికి మంచులో తేలతావు. భూగోళం తప్పే గానీ కంటికి పండగ.

లోపమల్లా బ్యాక్‌ట్రాక్. పడ్డావా, బటన్ నొక్కి పట్టుకో, కాలం వెనక్కి తిరుగుతుంది. పడనే లేదన్నట్టు లేచిపోతావు. ఇదే యుబిసాఫ్ట్ యానెసీ స్టూడియో 2016లో చేసిన స్టీప్ అనే మంచుకొండల ఆటలో ఈ సదుపాయం లేదు. పడితే పడ్డట్టే. ఒంటికి ఎంత కుదుపు తగిలిందో కూడా లెక్క ఉండేది. అందుకే అంచు దగ్గరికి రాగానే వేళ్లు బిగుసుకునేవి. ఇక్కడ ఆ భయమే లేదు. భయం తీసేశాక ఇంక ఎక్స్‌ట్రీమ్ ఏముంది?

నెట్‌కష్టం:
నెట్ పోతే ఆట పోతుంది. ఒక్కడివే రేసులు ఆడుకుంటున్నా సరే. ముందు అది చూసుకో.

పెడల్‌పిచ్చి:
మంచుగీత గారూ, సగమే చెప్పారు. రేసులో మీరు వెనక్కి తిప్పుతున్నంతసేపూ మిగతావాళ్లు ముందుకే పోతుంటారు. ఒక్క మలుపు దగ్గర తిప్పితే నాలుగు స్థానాలు గోవిందా. అది శిక్ష కాదా? ఆ మాటకొస్తే స్టీప్‌లో ఒక్క బటన్‌తో ఛాలెంజ్‌ని మళ్లీ మొదటికి తెచ్చుకునేవాళ్లం కదా. మీరెప్పుడూ నొక్కలేదా?

మంచుగీత:
నొక్కాను. వందలసార్లు నొక్కాను. కానీ మొదటికి పోవడం వేరు, చెడిన చోటు నుంచే దిద్దుకోవడం వేరు. మొదటికి పోతే కొండంతా మళ్లీ దిగాలి, దిగుతూ దిగుతూ ఆ దారి వంటబట్టాలి. ఇక్కడ తప్పు చేసిన రెండు సెకన్లనీ తుడిచేసుకుంటే చాలు. దారి ఎవరికి గుర్తుంటుంది?

లోయపక్షి:
మాస్ రేస్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? కొత్త కన్సోళ్లలో, పీసీలో 64 మంది ఒకేసారి. మొదటి మలుపులో గుద్దుకోవడాలే. మధ్యలో సైకిల్ పోయి స్కీలు వస్తాయి, స్కీలు పోయి వింగ్‌సూట్. మూడు రేసుల పాయింట్లు కలిపి లెక్క. దీనికోసమే కొనొచ్చు. పాత కన్సోల్ అయితే మాత్రం ఇరవై మంది చిల్లరే, ఆ సందడి ఉండదు.

సాయంత్రం8:
సందడి సరే, ఆ పాత్రల మాటలు వినలేం. కుర్రాళ్లలా మాట్లాడాలని పెద్దవాళ్లు రాసినట్టుంది. నేను మాటల సౌండ్ తగ్గించేశాను.

మంచుగీత:
మాస్ రేస్‌లో నేను ఆరు వారాలు ఆడాను. దారి బాగా తెలిసినవాడు, ఏమీ తెలియనివాడు ఒకే మలుపులో ఒకే కుప్పలో పడతారు. లేచి వెనక్కి తిప్పుకుని ఇద్దరూ పోతారు. తేడా ఏదీ?

పెడల్‌పిచ్చి:
తేడా ఎవరికి కావాలండీ? మూడేళ్ల క్రితం నేను నిజం సైకిల్ మీద మట్టిదారిలో పడ్డాను. భుజం ఎముక విరిగింది. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు. కంట్రోలర్ ట్రిగ్గర్లు రెండూ గంటసేపు పట్టుకోలేను, వేలు జారుతుంది, పడతాను. ఆ బటన్ ఉంది కాబట్టే కొండ దిగగలుగుతున్నాను. అది తీసేస్తే నాకు ఈ ఆట లేదు.

మంచుగీత:
మీ చెయ్యి గురించి చదివి బాధ కలిగింది. కానీ బటన్ పట్టుకుని దిగినదాన్ని దిగడం అనలేం. మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోవడమే అది.

పెడల్‌పిచ్చి:
ఏమన్నారు? మభ్యపెట్టుకోవడమా? రెండున్నర నెలలు స్లింగ్‌లో చెయ్యి పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నవాడితో అనే మాటేనా ఇది? భయం భయం అంటున్నారే, సోఫాలో కూర్చుని పడే భయం ఎంత? నిజంగా పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది మళ్లీ ఆటలో కూడా అక్కర్లేదు నాకు. ఇష్టం లేకపోతే మీరు నొక్కకండి. ఎవరూ మీ వేలు పట్టుకుని నొక్కించడం లేదు!

లోయపక్షి:
మంచుగీత అన్నా, ఆ మాట వెనక్కి తీసుకో.

మంచుగీత:
తీసుకుంటున్నాను. అనకూడని మాట అన్నాను, క్షమించండి.

రాత్రంతా ఆలోచించాను. నేను నొక్కకపోతే సరిపోతుందన్నారు, సరిపోవట్లేదు. ఎందుకో చెబుతాను. స్టీప్‌లో రెండు శీతాకాలాలు ఒకే కొండ మీద ఒకే దారి పట్టుకుని దిగాను. అది దిగగలిగేవాళ్లం కొద్దిమందిమే, ఒకళ్లనొకళ్లం పేరు చూసి గుర్తుపట్టేవాళ్లం. ఇక్కడికి వచ్చాక ఆ కష్టం ఎవరికీ కనపడదు. ఎవడు తిప్పుకుని వచ్చాడో, ఎవడు తిప్పుకోకుండా వచ్చాడో తెలియదు. నా కోపం అది.

పెడల్‌పిచ్చి:
ఇది ముందే చెప్పుంటే నేనింత అరిచేవాణ్ణి కాదు. అంటే గొడవ బటన్‌తో కాదు. మీకు గుర్తింపు కావాలి, నాకు దిగడం కావాలి. మీ గుర్తింపు కోసం నా బటన్ పోవాలంటే మాత్రం ఒప్పుకోను. ఇప్పుడూ ఒప్పుకోను.

మంచుగీత:
పోవాలని అనను. తిప్పకుండా దిగినవాడి పేరు పక్కన ఒక గుర్తు పెట్టమంటాను, అంతే.

లోయపక్షి:
ట్రిక్స్‌లో, అంటే గాల్లో చేసే విన్యాసాల్లో, ఆ పద్ధతి ఉంది కదా అన్నా. ల్యాండింగ్ ఆటోలో పెట్టుకోకుండా చేత్తో దించితే పాయింట్లు ఎక్కువ. అలాంటిదే రేసులకీ ఉంటే సరి.

పెడల్‌పిచ్చి:
దానికి నాకేం అభ్యంతరం లేదు.

నెట్‌కష్టం:
బటన్ దగ్గరే ఆగిపోయారు అందరూ. ది క్రూ కూడా యుబిసాఫ్ట్ ఆటే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు చేతిలో ఉన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. ఇదీ నెట్ మీదే నడిచేది. రేపు ఆ కొండలే ఉండకపోతే గుర్తు ఎక్కడ పెడతారు, బటన్ ఎక్కడ నొక్కుతారు?

కొత్తరైడర్:
అందరికీ థాంక్స్. ఒక్క డౌటు. జెన్ మోడ్‌లో వేరేవాళ్లు ఎవరూ ఉండరట కదా, దానికీ నెట్ కావాలా? మా ఇంట్లో రాత్రిళ్లు నెట్ సరిగా రాదు. నాకు తీరిక దొరికేది రాత్రే.

నెట్‌కష్టం:
జెన్ మోడ్ సంగతి కొనేముందు సరిచూసుకో. రేసులకి మాత్రం నెట్ కావాలి. అవే కావాలంటే కొనకు.