"ఏకమై యున్నాము": ఆ 'మై' దగ్గర అర్థం ఎటు తిరుగుతుంది?

తీరవాణి:
యోహాను 10:30. బైబిల్లో "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అని ఉంది. నోటికి వచ్చేది మాత్రం "నేనును నా తండ్రియు ఒక్కటే" అని. ఈ రెండోది ఎక్కడి పాఠం? పాత ముద్రణా, కీర్తనా, ప్రసంగాల్లో నలిగి స్థిరపడిన రూపమా? ఇంకో సంగతి కూడా తేల్చండి. 'ఒక్కటే' అంటే పేచీ లేదు. 'ఏకమై' అంటే మునుపు వేరుగా ఉండి తర్వాత కలిసినట్టు వినిపిస్తోంది. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దేవుడొక్కడే అని బోధించేవాళ్లకు అది చిక్కే కదా?

సూరిబాట:
వినిపించడం కాదండీ, వ్యాకరణమే అలా ఉంది. 'ఐ' అనేది 'అగు' ధాతువుకు క్త్వార్థక రూపం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. చేసి, వచ్చి, ఐ. మొదటి పని ముగిశాకే రెండో క్రియ. క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి చెప్పాడు కాబట్టే 'యున్నాము'లో యడాగమం, అంటే నడుమ 'య', వచ్చి కూర్చుంది. అంటే ఏకం అయ్యాక ఉన్నాము. అనువాదకులు ఇక్కడ జారారనే నా అభిప్రాయం. 'ఒక్కటే' అని ఉంటే గొడవే లేదు.

కొయినే_పాఠకుడు:
జారలేదు సూరిబాట గారూ. గ్రీకు మూలం చూడండి: ఎగో కాయ్ హొ పతేర్ హెన్ ఎస్మెన్. 'హెన్' అంటే ఒకటి, నపుంసక ఏకవచనం. 'ఎస్మెన్' అంటే ఉన్నాము, ఉత్తమపురుష బహువచనం. పుంలింగ రూపం 'హైస్' అక్కడ లేదు. లాటిన్ క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ మూడో శతాబ్దం మొదట్లో, తండ్రీ కుమారుడూ ఒక్కరే అన్న ప్రాక్సియస్‌కు జవాబు రాస్తూ గట్టిగా పట్టుకున్నది దీన్నే. లాటిన్‌లో 'ఊనుం' (ఒకటి) అని ఉంది, 'ఊనుస్' (ఒకడు) అని లేదు. 'సుముస్' (ఉన్నాము) అని ఉంది, 'సుం' (ఉన్నాను) అని లేదు. తండ్రే కుమారుడి వేషంలో వచ్చాడనే వాదానికి ఆ బహువచన క్రియ ఒక్కటే అడ్డు. వాళ్లిద్దరూ వేర్వేరు దేవుళ్లనే వాదానికి ఆ నపుంసకం అడ్డు.

తెలుగు ఈ రెండింటినీ నిలబెట్టింది. ఏకము, ఏకుడు కాదు. ఉన్నాము, ఉన్నాను కాదు. ఇంగ్లీషు 'వన్'లో మొదటి భేదం కనపడదు.

ఇక 'ఐ' ఎందుకంటే, నపుంసక నామం 'మేము'కు నేరుగా అతకదు. 'మేము వైద్యులము' అంటాం, పురుషబోధక ప్రత్యయం నామానికే చేరుతుంది. 'ఏకము'కు ఆ వీలు లేదు. ఆ 'ము' నపుంసకపు ము, మనల్ని చెప్పే ము కాదు. బహువచనం ఎక్కడో ఒకచోట పలకాలి గదా, అందుకు 'ఉన్నాము' కావాలి, దాన్ని 'ఏకము'కు కలపడానికి 'ఐ' కావాలి. కాలక్రమంతో దానికి పనే లేదు.

సూరిబాట:
అతకదంటే ఎలా? 1 కొరింథీ 3:8లో అదే 'హెన్'ను అదే అనువాదంలో "నాటువాడును నీళ్లుపోయువాడును ఒక్కటే" అన్నారు. క్రియే లేదు, చక్కగా అతికింది. తీరవాణి గారి నోట్లో ఉన్న 'ఒక్కటే' అక్కణ్ణుంచే ఇక్కడికి దూరి ఉంటుంది.

కొయినే_పాఠకుడు:
అక్కడ కర్త ప్రథమపురుష. 'వాడును వాడును ఒక్కటే' అంటే చెల్లుతుంది. 'నేనును తండ్రియును ఒక్కటే' అంటే వాడుకలో చెల్లుతుంది గానీ 'ఎస్మెన్' మాయమవుతుంది. తెర్తుల్లియన్ వాదంలో సగం పోయినట్టే.

మల్లెపొద:
ఇద్దరూ 1 యోహాను 5:8ని వదిలేశారు. "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును, ఈ ముగ్గురు ఏకీభవించి యున్నారు." ఇక్కడా గ్రీకులో 'హెన్' ఉంది, కానీ ముందు 'ఐస్' అనే విభక్త్యవ్యయం చేరింది: ఐస్ తొ హెన్ ఐసిన్. ఒకదానిలోకి, ఒకదాని దిశగా అని. ఆ చలనం చూపించడానికి తెలుగులో 'ఏకీభవించి' వేశారు. ఏకీభవించడంలో ఉన్నది సంస్కృతంలోని చ్వి ప్రత్యయం. అభూతతద్భావే అన్నారు సంస్కృత వ్యాకర్తలు, లేనిది అవడం. మునుపు ఒకటి కానిది ఒకటైందని చెప్పాలంటే అనువాదకుల చేతిలో ఇంత కచ్చితమైన మాట ఉంది. యోహాను 10:30లో దాన్ని వాడలేదంటే వద్దనుకునే వాడలేదు.

'ముగ్గురు' కూడా గమనించండి. నీళ్లకూ రక్తానికీ 'మూడు' అనాలి. గ్రీకులో పుంలింగ బహువచనం ఉందని 'ముగ్గురు' అన్నారు. ఇంత పట్టుదల ఉన్నవాళ్లు 'మై' దగ్గర పొరబడ్డారంటే నమ్మను.

వినుకొండ_రాయి:
అదే వచనం దగ్గర ఒక హెచ్చరిక. పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే వాక్యం కొన్ని భాషల పాత బైబిళ్లలో ఉంటుంది. అది పాత గ్రీకు ప్రతుల్లో లేదు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో వేయలేదు, 1522లో చేర్చాడు. మన తెలుగు బైబిల్లో లేకపోవడం లోపం కాదు. త్రిత్వాన్ని దాని మీద నిలబెట్టాలని చూసేవాళ్ల వాదన, ప్రతుల చరిత్ర తెలిసినవాడు ఎదురైతే అక్కడే కూలుతుంది. మత్తయి 28:19లో "నామములోనికి" అనే ఏకవచనం చాలు: ముగ్గురి పేర్లు వరసగా చెప్పి నామము ఒకటే అన్నారు.

సూరిబాట:
మల్లెపొద గారి చ్వి బాగుంది. కానీ ఆదికాండము 2:24? "వారు ఏక శరీరమైయుందురు." అక్కడ హీబ్రూలో 'ల' ఉంది, 'ఒకే శరీరంలోకి' అని. నిఖార్సైన మార్పు. అక్కడ 'ఏకీభవించి' వేయలేదే, 'ఐ' వేశారు. కాబట్టి 'ఐయుండు'కు మార్పు అర్థం ఉంది.

మల్లెపొద:
ఉందండీ, లేదనలేదు. 'ఐ' రెండూ మోస్తుంది. ఏది మోస్తోందో సందర్భం చెప్పాలి. ఆ సందర్భం కోసం ఆదికాండము దాకా పోనక్కర్లేదు, మూడు వచనాలు కిందికి రండి. 10:33లో యూదులు రాళ్లెత్తి అన్నమాట: "నీవు మనుష్యుడవైయుండి దేవుడనని చెప్పుకొనుచున్నావు." మనుష్యుడవైయుండి. అదే ఐ, అదే ఉండు. రాళ్లు పట్టుకున్నవాళ్లు 'నువ్వు ముందు దేవుడివి, తర్వాత మనిషివయ్యావు' అనే ఉద్దేశంతో అన్నారా? అలా ఒప్పుకుంటే రాళ్లెందుకు? అక్కడ గ్రీకు 'ఓన్', ఉన్నవాడు అని. శుద్ధ స్థితి.

గజేంద్ర_శరణు:
ఇంతసేపూ పోతనను ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై

'ఉండు', 'ఐ' రెండూ పక్కపక్కనే, వరస తారుమారై ఉన్నాయి. జనించు అంటే సృష్టి. తర్వాతి పాదంలో 'డిందు' అంటే లయ. నడుమ మిగిలింది స్థితి, దాని క్రియ 'ఉండు లీనమై'. స్థితిని చెప్పేచోట పోతన 'ఐ' పెట్టాడు. ఉత్పలమాల పాదంలో ఇరవయ్యో అక్షరం, గురువు, ఆ 'మై' మీద పాదం ఆగుతుంది. మీరు తగువులాడుతున్న అక్షరమే.

సూరిబాట:
ఆగుతుందా? "లీనమై యెవ్వనియందు డిందు" అని పాదం దాటించి అన్వయించేవాళ్లున్నారు. అప్పుడు లీనమై లయకు చెందుతుంది, మార్పే అవుతుంది. మీ పద్యం నా వైపు సాక్షి.

గజేంద్ర_శరణు:
దాటిస్తే 'లోపల నుండు' ఒట్టిపోతుంది. జగం ఆయన లోపల ఎలా ఉందో చెప్పే మాట అక్కడ అదొక్కటే. పైగా మూడో పాదం చివర "సర్వము తానె యైనవా"డని మొదలుపెట్టి నాలుగో పాదంలోకి పోయాడు. పాదం దాటించాలనుకున్నచోట మాటను మధ్యకు విరిచి మరీ దాటిస్తాడు. 'లీనమై' దగ్గర మాట పూర్తయింది. 'ఐనవాడు' కూడా మీ తూకంలో వేయండి. సర్వమూ తానే అయినవాడు అంటే ఒకనాడు కాక తర్వాత అయ్యాడనా? "అనాది మధ్య లయుడు" అని అంతకుముందే అన్నాడు.

కృష్ణాతీరం:
పోతన సరే, దగ్గరి ఉదాహరణ తిక్కనది. "భద్రాయితమూర్తియై హరిహరంబగు రూపముఁ దాల్చి". హరిహరుడు అనకుండా 'హరిహరంబు' అని నపుంసకం చేశాడు. ఇద్దరు, ఒక్క తత్త్వం. ఇది అచ్చంగా 'హెన్' కాదా?

కొయినే_పాఠకుడు:
అందం ఒప్పుకుంటాను, సామ్యం ఒప్పుకోను. 'రూపముఁ దాల్చి' అన్నాడు తిక్కన. పరతత్త్వం ఒకటి, అది రూపం దాల్చింది. ఆయన ఉద్దేశానికి అది సరిపోయింది. దాన్ని తెచ్చి త్రిత్వానికి తొడిగితే సబెల్లియస్ వాదమవుతుంది: దేవుడొక్కడే, సృష్టిలో తండ్రి, రక్షణలో కుమారుడు, పవిత్రీకరణలో ఆత్మ. మూడు రూపాలు, మూడు పనులు. సిద్ధాంతం చెప్పేది అది కాదు. బాప్తిస్మం వేళ కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగింది, తండ్రి స్వరం వినిపించింది. ఏకకాలంలో ముగ్గురు.

మన బోధల్లో తప్పు పట్టే చోటు కూడా ఇదే. 'మూడు రూపాల్లో ఉన్న ఒకే దేవుడు' అని తేలిగ్గా అనేస్తారు. 'రూపం' బదులు 'వ్యక్తి' అంటే కొంత నయం, కానీ సంస్కృతంలో వ్యక్తి అంటే మొదట వ్యక్తమవడమే, మళ్లీ రూపం వైపే లాగుతుంది. గ్రీకులవాళ్లకూ ఈ తిప్పలే. 325 నైసియా సభ శాపవాక్యాల్లో ఊసియా (తత్త్వం), హైపోస్టాసిస్ (తర్వాత వ్యక్తి అనే అర్థంలో స్థిరపడిన మాట) పర్యాయపదాలు. 362లో అలెగ్జాండ్రియా సభలో అక్కడి బిషప్ అథనేసియస్, ఒక హైపోస్టాసిస్ అనేవాళ్లనూ మూడు అనేవాళ్లనూ కూర్చోబెట్టి మీరు చెప్పేది ఒకటేనని తేల్చాల్సి వచ్చింది. ఒక ఊసియా, మూడు హైపోస్టాసిస్‌లు అనే మాట కప్పదోకియ పండితులు బసిలు, ఇద్దరు గ్రెగరీల వల్ల స్థిరపడింది.

వినుకొండ_రాయి:
అందరూ తాత్త్విక ఐక్యత తేలిపోయినట్టే మాట్లాడుతున్నారు. యోహాను 17:22 చదవండి: "మనము ఏకమైయున్నలాగున, వారును ఏకమైయుండవలెనని". శిష్యులకూ అదే 'హెన్', అదే 'ఏకమై'. శిష్యులు ఒకే తత్త్వం కారు గదా! కుమారుడు సృష్టింపబడినవాడన్న అరియస్ అనుచరులు, అరియన్లు, పట్టుకున్నది దీన్నే: తండ్రీ కుమారుల ఐక్యత కూడా మనసులు కలవడమేనని. అథనేసియస్ అరియన్ల మీద మూడో ప్రసంగంలో దీనికే చాలా చోటిచ్చి, గ్రీకు 'కథోస్' (లాగున) అంటే పోలిక, అభేదం కాదన్నాడు. తెలుగులో ఆ బరువంతా 'లాగున' మీద పడింది. సంస్కర్త కాల్విన్ ఇంకో అడుగు వేసి, 10:30ని ఏకతత్త్వానికి రుజువుగా వాడటం ప్రాచీనుల పొరపాటు, అక్కడ మాట ఐకమత్యం గురించేనన్నాడు. ఆయన త్రిత్వాన్ని ఒప్పుకున్నవాడే. కాబట్టి 'మై'ని ఎటు తిప్పినా సిద్ధాంతం ఈ ఒక్క వచనం మీద నిలవదు, పడదు.

మల్లెపొద:
కాల్విన్ మాట 28వ వచనంతో, 29వ వచనంతో కలిపి చూడాలి. నా చేతిలోనుండి ఎవడూ అపహరింపడు, తండ్రి చేతిలోనుండి ఎవడూ అపహరింపలేడు, ఆ వెంటనే 'ఏకమై యున్నాము'. రెండు చేతుల బలం ఒకటే అంటున్నాడు. ఒట్టి ఐకమత్యం కంటే ఎక్కువ అది. 17:22లో కూడా మొదటిది 'యున్న', రెండోది 'యుండవలెనని'. ఒకటి ఉన్న సంగతి, రెండోది కావలసిన సంగతి.

సూరిబాట:
స్థితి అనే మీ అర్థం 10:30లో చెల్లనిద్దాం. యోహాను 1:1లో "వాక్యము దేవుడై యుండెను". 1:14లో "శరీరధారియై... నివసించెను". రెండుచోట్లా ఐ. మొదటిది స్థితి, రెండోది మార్పు అని చదువరికి ఎవరు చెబుతారు? మొదటిదాన్ని కూడా మార్పుగా చదివితే వాక్యము ఒకనాడు దేవుడయ్యాడని తేలుతుంది.

కొయినే_పాఠకుడు:
గ్రీకులో రెండు వేరు క్రియలు: 1:1లో 'ఏన్', ఉండెను; 1:14లో 'ఎగెనెటో', ఆయెను. అరియస్ నినాదంలో కూడా ఆ 'ఏన్'నే కాదనడం కనిపిస్తుంది: ఏన్ పొతె హొతె ఊక్ ఏన్, ఆయన లేని కాలం ఒకటి ఉండెను. నైసియా పేరుపెట్టి ఖండించిన వాక్యం ఇది.

తెలుగులో ఆనవాలు 'ఐ'లో లేదు, దాని వెనక వచ్చే క్రియలో ఉంది. వెనక 'ఉండు' వస్తే సాధారణంగా స్థితి. 'వాక్యము దేవుడు' అనే క్రియలేని వాక్యానికి భూతకాలం లేదు, ఆ కాలం కోసమే 'ఐ యుండెను' వచ్చింది. వెనక వేరే క్రియ వస్తే, 'నివసించెను' లాంటిది, అక్కడ మీ క్త్వార్థకం పూర్తి బలంతో పనిచేస్తుంది. ఫిలిప్పీ 2:6లో "కలిగినవాడైయుండి" మళ్లీ స్థితి. ఆదికాండము 2:24లోని భవిష్యత్తు ఈ సూత్రానికి లొంగదు, ఒప్పుకుంటాను. నా అభ్యంతరమల్లా 1:14లోని 'ధారి' మీద. మూలంలో వాక్యము శరీరం ఆయెను అని ఉంది, శరీరం తొడుక్కున్నాడని లేదు. క్రీస్తు నిజ దేవుడూ నిజ మనిషీ అని తేల్చిన 451 కల్కెదోను సభ తర్వాత ఆ తేడాకు చాలా వెల ఉంది.

గజేంద్ర_శరణు:
'ధారి' మీద పడితే తిక్కన 'దాల్చి' మళ్లీ వస్తుంది. దానికి వేరే చర్చ పెట్టండి.

తీరవాణి:
అందరికీ నమస్కారం. చదివి వినిపించేటప్పుడు 'ఏకమై' దగ్గర ఊపిరి తీయకుండా 'ఏకమైయున్నాము' అని ఒక్క పట్టున పలకాలని మాత్రం అర్థమైంది. విరిస్తేనే సూరిబాట గారి అర్థం చెవిన పడుతోంది. 'ఒక్కటే' పాఠం ఎక్కడిదో ఇంకా ఎవరూ చెప్పలేదు. కొరింథీ నుంచి దూరిందంటే ఆ 'నా తండ్రియు'లోని 'నా' ఎక్కణ్ణుంచి వచ్చింది?

సూరిబాట:
'నా' సంగతి 29వ వచనంలో చూడండి, "నా తండ్రి" అక్కడుంది. అది సరే, గలతీ 3:28 ఎవరైనా తీశారా? "మీరందరును ఏకముగా ఉన్నారు." గ్రీకులో అక్కడ పుంలింగ 'హైస్'. నపుంసకం ఉన్నచోట 'ఏకమై', పుంలింగం ఉన్నచోట 'ఏకముగా'. ఇది కావాలని చేసిన భేదమా, యాదృచ్ఛికమా? కొయినే_పాఠకుడు గారు చెప్పాలి.