రన్ అంటే పరుగెత్తడమేనా?

బందరులడ్డు: మా అమ్మాయి ఇంగ్లిష్ పాఠంలో రన్ అని కనపడిన ప్రతిచోటా పెన్సిల్‌తో "పరుగెత్తు" అని రాసుకుంటోంది. ముక్కు రన్ అవుతోంది, షాపు రన్ చేస్తున్నాడు, పాలు రన్ అవుట్ అయ్యాయి, అన్నిటికీ అదే! ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటండీ, దానికి ఎలా చెప్పాలి?

పాతపుస్తకం: ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 2011లో చెప్పిన లెక్క ప్రకారం ఈ క్రియకి 645 అర్థాలు. అంతకుముందు సెట్‌దే పైచేయి, 1989 ముద్రణలో దానికి 430. బట్టీ పట్టించకండి, పక్కన ఏ మాట ఉందో చూడమనండి. నీళ్లూ ముక్కూ అయితే కారడం, బస్సూ షాపూ అయితే నడవడం, నడపడం. వాళ్లు పరుగెత్తించేవాటిని మనం నడిపిస్తాం, అంతే తేడా.

కారప్పొడి: రన్ అవుట్‌కి మా అమ్మమ్మ మాట ఉంది కదా, "బియ్యం నిండుకున్నాయి". అయిపోయాయి అంటే అశుభమని అలా అనేది. క్రికెట్ రనౌట్ వేరే సంగతి, అది ఇందులో కలపొద్దు.

పాతపుస్తకం: ఎన్నికలది ఇంకా సరదా. అమెరికాలో అయితే పోటీకి రన్ అంటారు, బ్రిటన్‌లో స్టాండ్ అంటారు. మన నాయకులు కూడా నిలబడేవాళ్లే.

బందరులడ్డు: ఇవన్నీ చదివి వినిపించాను. మరి ఫీవర్ రన్ అవడానికి ఏం రాయాలి అంటోంది.

కారప్పొడి: జ్వరం కాస్తోంది అని రాయమనండి.