గంజ్ దగ్గరి పాత పల్లినూనె మిల్లు: కూల్చుడా, నిలుపుడా?

రాయిసున్నం:
మహబూబ్‌నగర్ గంజ్ పక్క పాత నూనె మిల్లుకు ‘శిథిలం’ అని నోటీసు అంటించిన్రు. రెండడుగుల రాతిగోడలు నిలువుగనే ఉన్నయి. పోయింది కప్పు, అదీ రెండు షెడ్లు కలిసే చోట. అక్కడ కప్పు మీది వాననీళ్ల కాలువల ఆకులు పూడి, నీళ్లు పొంగి దూలాల కొనల మీద పడ్డయి. టేకు దూలం మధ్యల గట్టిగనే ఉంటది, గోడలకు దిగిన మూరెడే చీకుతది. ముందు కింద బల్లీలు (ఆనుడు గుంజలు) ఆనించాలె. చీకిన ముక్క కోసి కొత్త టేకు అతికి, రెండు దిక్కుల ఇనుప పట్టీలేసి బోల్టులు బిగించాలె. కొన చుట్టూ అంగుళం సందు వదలాలె, గాలాడనీకి. దీనికి కూల్చుడెందుకు?

గంజ్‌లెక్క:
పెంకులు తీసి రేకులెయ్యిరి. సగం ఖర్చు.

రాయిసున్నం:
రేకులేసినా ఆ కాలువ ఆడనే ఉంటది. పైగా పెంకుల బరువే కప్పును పట్టుకొని ఉన్నది. బరువు తీసి రేకులేస్తే గాలిదుమారానికి లేస్తది, దూలాలను గోడకు బోల్టులతోని కట్టాలె. అది లెక్కల రాసినవా?

పాలమూరోడు:
పార్కింగు కట్టున్రి, పీడ పోతది.

సాగర్ఎడమకాలువ:
మిర్యాలగూడ దిక్కు వడ్లు పట్టే పాత హల్లర్ మిల్లులూ గట్లనే పోయినయి. రబ్బరు రోలర్లు వచ్చినంక హల్లర్ల నూకెక్కువ అని మిషన్లు పాతినుప సామాన్లకు పోయినయి, షెడ్లు గోదాములైనయి.

గంజ్‌లెక్క:
అన్నా, రేకుల సంగతే మాట్లాడు. గోడకు సిమెంటు కొట్టి రేకులేస్తే పదేండ్లు చూడక్కర్లే.

రాయిసున్నం:
సిమెంటు కొడితేనే గోడ పోతది. సున్నం కట్టుల తేమ సందుల నుంచి బయటికొస్తది. సిమెంటుతో సందులు మూస్తే అది రాళ్లల్ల నుంచి రావాలె, ఉప్పు తేలి రాయి పెచ్చులూడుతది. సందులు అంగుళం లోతు గీకి, తడిపి, రెండు వారాలు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి నింపాలె. వారం దాకా తడి గోనెలు కప్పాలె. గోడల మొలిచిన రావిచెట్టును మాత్రం పీకొద్దు, రాళ్లు కదుల్తయి. కోసి వేరును చంపాలె.

గంజ్‌లెక్క:
సున్నం పాఠం చాలు! నలుగురన్నదమ్ముల వాటా, రోడ్డు మీది జాగ. నీ తడి గోనెలకు పైసలెవరిస్తరు?

రాయిసున్నం:
2017 వారసత్వ చట్టమున్నది. 2012 భవన నియమాలల్ల కాపాడినోళ్లకు టీడీఆర్ ఉన్నది, అంటే ఆడ కట్టుకోని కట్టుబడి హక్కును ఇంకోళ్లకు అమ్ముకోవచ్చు.

గంజ్‌లెక్క:
ముందు జాబితాకెక్కాలె. కోటలు, గుళ్ల నడుమ నూనె మిల్లు పేరు ఎవరు రాస్తరు? టీడీఆర్ వస్తే మాత్రం ఈ ఊళ్లె కొనేటోడెవడు, హైదరాబాదా ఇది? 1934ల పెట్టిన వరంగల్ ఆజంజాహీ మిల్లుకే దిక్కులేదు, జాగ ప్లాట్లయింది.

సాగర్ఎడమకాలువ:
వాటాలు తెగేదాంక కనీసం ఆ కాలువన్న ఊడ్పియ్యిరి. ఇద్దరు కూలీల ఒక పూట పని.

గంజ్‌లెక్క:
ఊడిస్తే నిలబడ్తది. నిలబడితే నోటీసు చెల్లదు. సమజైందా?

రాయిసున్నం:
గట్ల చెప్పు మరి. ఇంతసేపు రేకులని సతాయించినవు.

పాలమూరోడు:
పెంకులు దింపితే చెప్పున్రి. కొట్టానికి రెండొందలు కావాలె, పగలనియి.