సర్ఫ్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌లో కారు పాట ఎందుకుంది?

ఎంవీపీ కాలనీ గిటార్:
అందరికీ నమస్కారం. నేను బీకామ్ రెండో ఏడు. ఫ్రెండ్స్ నలుగురం కలిసి బ్యాండ్ మొదలుపెట్టాం. ఆర్కే బీచ్ దగ్గర వాయించడానికి సర్ఫ్ పాటలైతే (అలల మీద బోర్డుతో జారే సర్ఫింగ్ చుట్టూ పుట్టిన పాటలు) బాగుంటాయని అమెరికా బ్యాండ్ బీచ్ బాయ్స్ తొలి ఆల్బమ్ 'సర్ఫిన్ సఫారీ' విన్నాం. టైటిల్ పాట చాలా నచ్చింది. కానీ '409' అని కారు ఇంజిన్ మీద ఒక పాట, జాతర మీద ఒకటి, గోడ గడియారం మీద ఇంకొకటి. మరి సముద్రం ఏది? ఇది సర్ఫ్ ఆల్బమే కాదంటాడు మా డ్రమ్మర్. సర్ఫ్ గిటార్‌లో ఉంటుందనే ఆ తడి మోత, అదే ప్రతిధ్వనిలా సాగే శబ్దం కూడా ఇందులో పెద్దగా వినపడలేదు. దీన్నే నేర్చుకోవాలా, వేరేది వినాలా?

రుషికొండ అలలు:
తమ్ముడూ, తడి మోత కావాలంటే చాంటేస్ వాళ్ల 'పైప్‌లైన్' విను, 1963లో హిట్. మాటల్లేవు, గిటారే. అల మీద బోర్డు ఎక్కేటప్పుడు నా బుర్రలో మోగేది అదే.

పాత ఆర్కెస్ట్రా గిటార్:
బాబూ, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాలకు చాలా ఏళ్లు లీడ్ గిటార్ వాయించినవాణ్ణి. ఈ ఆల్బమ్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

1962 జూన్‌లో క్యాపిటల్ అనే రికార్డు కంపెనీ వాళ్ల సింగిల్ వేసింది. రికార్డుకు ఒకవైపు 'సర్ఫిన్ సఫారీ', వెనకవైపు '409'. ఆల్బమ్ వచ్చింది అక్టోబరులో. అంటే అల, కారు మొదటినుంచీ ఒకే రికార్డుకు రెండు ముఖాలు. కాలిఫోర్నియాలోని వాళ్ల ఊరు హాథార్న్ సముద్రపు ఒడ్డున లేదు, కొన్ని మైళ్లు లోపలికి ఉంటుంది. అయిదుగురిలో నిజంగా సర్ఫింగ్ చేసేది డ్రమ్మర్ డెనిస్ ఒక్కడే. సముద్రం అందరికీ ఉండదు, రోడ్డు మాత్రం ప్రతి ఊరికీ ఉంటుంది. పాత ఫోర్డ్ కారు చవగ్గా కొని, పైభాగాలు పీకేసి, పెద్ద ఇంజిన్ బిగించి పందేలు వేసుకునే కుర్రాళ్లు అక్కడ బోలెడంతమంది. అలాంటి కారునే హాట్ రాడ్ అంటారు. మన బీచ్ రోడ్డులో ఆర్‌ఎక్స్ 100కి సైలెన్సర్ మార్చుకుని తిరిగిన కుర్రాళ్లకు ఆ పిచ్చి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

409 అంటే షెవర్లే ఇంజిన్ సైజు, ఘనపు అంగుళాల్లో. మన లెక్కలో దాదాపు 6,700 సీసీ. మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, ఇక మీరే ఊహించుకోండి. ఆ పాటలో వినపడే కారు చప్పుడు నిజం కారుదే.

ఆల్బమ్‌లో అన్ని పాటలూ ఒక్కలా లేవు, ఒప్పుకుంటాను. ఆ జాతర పాట నాకు రెండోసారి వినబుద్ధి కాదు. కానీ వాళ్ల వయసు చూడండి. లీడ్ గిటార్ కార్ల్‌కు 15 ఏళ్లు, రిథమ్ గిటార్ డేవిడ్ మార్క్స్‌కు 14. కార్ల్, డెనిస్‌ల అన్న బ్రయన్‌కు 20. ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే గాయక బృందం రికార్డులు వింటూ, ఏ గొంతు ఏ స్వరం పట్టుకుంటుందో విడదీసి తమ్ముళ్లకు నేర్పినవాడు ఈ బ్రయనే. ఈ ఆల్బమ్ బలం ఆ గొంతుల్లో ఉంది. గిటార్ తడిగా లేదని దాన్ని పక్కన పెట్టకండి. మీ నలుగురిలో శ్రుతిలో పాడేవాళ్లు ఎంతమంది?

ద్వారకానగర్ వీణ:
ఒక్కమాట బాబూ. సర్ఫ్ గిటారిస్టు డిక్ డేల్ వాయించిన 'మిసిర్లూ' కూడా వినండి. అది మధ్యధరా తీరపు పాత పాట, ఆయన 1962లో ఎలక్ట్రిక్ గిటార్ మీద ఎక్కించారు. ఆయన తండ్రి వైపువాళ్లు లెబనాన్ నుంచి వచ్చినవాళ్లు. ఆ పాటలో స్వరాలు మన మాయామాళవగౌళవే. సరళీ వరుసలు నేర్చినవాళ్లెవరైనా మీ బ్యాండ్‌లో ఉంటే వేళ్లు వాటంతటవే పడతాయి. గమకాలు వద్దు, పిక్ వేగం ముఖ్యం.

ఎంవీపీ కాలనీ గిటార్:
చాలా థ్యాంక్స్ అండీ. పాడేది ఇద్దరమే సార్. మా బాస్ గిటార్ వాడు చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాడు, 'మిసిర్లూ' వాడికి అప్పజెప్పాను.

పాత ఆర్కెస్ట్రా గిటార్:
ఇద్దరైతే '409' ఇప్పుడే వద్దు, మూడో గొంతు దొరికాక చూద్దురు. అదే ఆల్బమ్‌లో 'మూన్ డాగ్' ఉంది, గ్యాంబ్లర్స్ అనే బృందం 1960లో చేసిన గిటార్ పాట. ముందు దాన్ని పట్టండి. గిటార్ శబ్దం మార్చే పెడల్ ఉంటే స్ప్రింగ్ రివర్బ్ (ప్రతిధ్వని) పెట్టుకోండి, మీరు అడిగిన తడి మోత వస్తుంది. బీచ్‌లో వాయించిన రాత్రే తీగలు పొడిబట్టతో తుడవండి, ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి.