అప్పు చేసి ఫ్లాటు కొని అద్దెకు ఇవ్వడం లాభమేనా?

కొత్త కొనుగోలుదారు: ధరలో ఐదో వంతు నా దగ్గర ఉంది. మిగతాది బ్యాంకు అప్పు. అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయని అమ్మేవారు అంటున్నారు. నమ్మవచ్చా?

లెక్కల మనిషి: కాగితం మీద వేసి చూడండి. ధర 100, ఏడాది అద్దె 5 అనుకుందాం. ఒక నెల ఖాళీగా ఉంటే చేతికి వచ్చేది 4.58. పన్ను, బీమా, మరమ్మతులు, నిర్వహణకు 1.5 పోతే సుమారు 3 మిగులుతుంది. 80 అప్పుకు 7 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే 5.6. అసలు వేరే కట్టాలి. ఆ తేడా మీ జీతంలోంచే పోతుంది.

పాత యజమాని: ఏటా ఒక నెల ఖాళీ ఎందుకు వేస్తారు? మనుషులను చూసి ఇస్తే ఏళ్ల తరబడి ఉంటారు.

లెక్కల మనిషి: ఎప్పటికైనా వెళ్తారు కదండీ. రంగులు వేయించాలి, కొత్తవారు దొరకాలి.

పాత యజమాని: రంగుల ఖర్చు డిపాజిట్‌లో పట్టుకుంటాం.

అద్దెదారు: ఎందుకు పట్టుకోవాలి? గోడ పగలగొడితే నేను కడతాను. మామూలు వాడకంతో మాసిన గోడకు అద్దె కడుతూనే ఉన్నానుగా! మా పాత యజమాని సగం డిపాజిట్ రంగుల పేరుతో ఉంచేసుకున్నారు. చేరిన రోజు తీసిన ఫొటోలు చూపించినా వినలేదు.

పాత యజమాని: నా ఇంట్లో ఒకరు నెలల అద్దె ఎగ్గొట్టి, కుళాయిలు కూడా విప్పుకొని రాత్రికి రాత్రే వెళ్లిపోయారు. నాకెవరు ఇస్తారు?

అద్దెదారు: వారి బాకీ నా దగ్గర వసూలు చేస్తారా?

మరో సభ్యుడు: అడిగినవారు రంగుల గురించి అడగలేదండీ.

లెక్కల మనిషి: అదే అంటున్నాను. ఈ రాబడి కోసం ఇంత తలనొప్పి దేనికి?

పాత యజమాని: రాబడి, రాబడి! నేను రాబడి కోసం కొనలేదు. ముసలితనంలో పిల్లల ముందు చేయి చాచకూడదని కొన్నాను. అప్పు ఎప్పుడో తీరింది, ఇప్పుడు ఆ అద్దే నా పింఛను. మీ కాగితంలో ఆ గడి ఎక్కడుంది?

లెక్కల మనిషి: అప్పు తీరాక లెక్క మారుతుంది, కాదనను. తీరేదాకా వీరు తట్టుకోగలరా అన్నదే నా ప్రశ్న. ఆరు నెలల వాయిదాలు విడిగా దాచుకున్నారా? ఒకే ఇంట్లో డబ్బంతా పెడితే, అవసరానికి ఒక గదిని మాత్రం అమ్ముకోలేరు.

కొత్త కొనుగోలుదారు: దాచలేదండీ. ఉన్నదంతా మొదటి చెల్లింపుకే సరిపోతుంది. ఇప్పుడున్నవారి అద్దె ఒప్పందం చూపించమని అమ్మేవారిని అడుగుతాను. అప్పటిదాకా బయానా ఇవ్వను.

అద్దెదారు: చూసినప్పుడు రంగుల ఖర్చు ఎవరిదని రాశారో కూడా చదవండి.